పేలిన తూటాలో మళ్ళీ మందు

తంగళ్ళపల్లి,
1986 జూన్.

అన్నకు ఊర్మిల నమస్కారాలు. వదిన బాలమణి మోకాళ్ళ నొప్పి తగ్గిందనుకుంటాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. బీడీ ఆకు టెంపో నడిపే బక్కయ్య చేతికిచ్చాను. ఆకు, తంబాకు దింపడానికి మీ కోరుట్ల నుంచి వారం వారం ఇటు వస్తాడు కదా. ఇకమీదట పోస్టులో వేసే కార్డులో అంతా క్షేమమనే రాస్తాను. నిజం బక్కయ్య చేతికిస్తాను. సిరిసిల్లలో కార్డులు మనకంటే ముందు ఠాణాలో చదువుతున్నారు. నువ్వూ అట్లాగే చెయ్యి.

నిజం ఏమిటంటే, మీ బావ భీవండి పోలేదు. బట్ట నేసే సాంచెల సమ్మెలో పోలీసులు కొట్టిన తరువాత సంఘం వాళ్ళతో వెళ్ళిపోయాడు. ఇప్పుడు వెల్గటూరు వైపు, గోదావరి ఒడ్డు అడవుల్లో లింగన్న దళంలో ఉన్నాడు. మా దగ్గర మగవాడు నాలుగు రోజులు కనబడకపోతే భీవండిలో సాంచెలు నడపడానికి పోయాడంటే ఎవరైనా నమ్ముతారు. నేనూ అదే చెప్పుకుంటూ బీడీలు చుట్టుకుంటున్నాను. పక్కింటి లసుమవ్వ ఒక్కతే "భీవండి పోయినోడు ఒక్క కార్డన్న రాయడా బిడ్డా?" అని అడుగుతుంది. ముసలమ్మ మనసు మంచిదే. చెవులే పెద్దవి.

అసలు సంగతికి వస్తాను. మొన్న వాళ్ళ మనిషి ఒకడు వచ్చి పోయాడు. దళం దగ్గర పాత త్రీనాట్‌త్రీ తుపాకులు రెండు ఉన్నాయట, తెల్లవాళ్ళ యుద్ధం నాటివి. తుపాకులున్నాయి, తూటాలు లేవు. పేలిన ఖాళీ తూటాలను మాత్రం సంచిలో ఏరి పెట్టుకున్నారు. అది చూసి మీ బావ ఊరుకోలేక, "మా బావ చంద్రమౌళి పేలిన తూటాల మల్ల మందు వోసి కొత్తది చేస్తడు. వాళ్ళ బాపు నిజాం ఫౌజుల తుపాకులు బాగుజేసినోడు" అని చెప్పేశాడట. అత్తగారింటి విద్యను చూపించి అడవిలో గొప్ప కొట్టుకున్నాడు.

నీ దగ్గరికి వస్తారు. చేయనని చెప్పు. భయమైతే నా చెల్లె ఒప్పుకోలేదని చెప్పు. నాకు పుట్టిల్లంటే నువ్వొక్కడివే. దీనికి అది కూడా పోవడం నాకిష్టం లేదు.

నీ చెల్లె,
ఊర్మిల


కోరుట్ల,
జూలై.

చిరంజీవి ఊర్మిలకు అన్న ఆశీస్సులు.

మేం క్షేమం. వానలు లేటయ్యాయి. అడవి పందులు మక్క చేలమీద పడుతున్నాయి కనుక లైసెన్సు తుపాకుల రైతులు దుకాణానికి బాగానే వస్తున్నారు. ఎస్సైగారు కూడా ఠాణా తుపాకుల విరిగిన పిడులు నా చేతనే వేయిస్తున్నారు. వారి జీపు మన దుకాణం ముందే ఆగడం వల్ల బజారులో నా పరపతి పెరిగింది. బావకు భీవండి నీళ్ళు పడుతున్నాయా? ఒంటరిగా తిరగవద్దని రాయి.

ఈ కార్డు నీకంటే ముందు చదివినవారికి కూడా నా నమస్కారాలు చెప్పు.

చంద్రమౌళి


కోరుట్ల,
ఆగస్టు.

ఊర్మిలా,

ఇది బక్కయ్య చేతి ఉత్తరం. చదివి పొయ్యిలో వెయ్యి.

లింగన్న స్వయంగా వచ్చాడు. గొంగడి కప్పుకుని గొర్లకాపరిలాగా వచ్చి కూర్చుని, పందుల తుపాకి ధర అడిగాడు. నేనూ నిజమే అనుకుని చెప్పాను. ఆ తరువాత సంచి బల్లమీద పెట్టాడు. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. చేయనన్నాను. చెల్లె ఒప్పుకోదన్నాను. నవ్వాడు. "అన్నా, మేం అడుగుతలేం, చెప్తున్నం. నీ బావ రాజం గా తుపాకి పట్టుకోని కావలి ఉంటున్నడు. తూటా లేకుంటే గది ఉత్త కట్టె. కట్టె పట్టుకోని నీ బావ ఎన్ని దినాలు బతుకుతడు?" అన్నాడు. సంచి తీసి బల్ల కింద పెట్టాను.

అంతటితో అయిపోతే బాగుండేది. వారం తిరగకుండా ఎస్సై వచ్చాడు. కోస్తా మనిషి, మాట తీపి. "మౌళీ, వాళ్ళు నీ దగ్గరికి వచ్చారని నాకు తెలుసు. నీ మీద కేసు లేదు, భయపడకు. వాళ్ళు అడిగింది చేసిపెట్టు. కాకపోతే రెండు మూడు తూటాలు మాత్రం కాల్చినవాడి మొహంమీదే పేలేట్టు నింపు. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. తలూపాను. ఊపకపోతే ఆ పూటే జీపెక్కేవాణ్ణి.

అటు అడవి, ఇటు ఠాణా. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది.

ఊర్మిలా, ఎస్సై చెప్పిన పని నేను చేయలేదు. నువ్వు ఇది నమ్మాలి. ఆ తుపాకి ఎవరి భుజానికి ఆనుతుందో నాకు తెలుసు. తెలియకపోయినా చేసేవాణ్ణి కాదు. బాపు అనేవాడు చూడు, "కాల్చేటోడు ఎవడన్న గానీ, మన తూటా ముంగటికే పోవాలె, ఎనుకకు రావద్దు" అని. పగుళ్ళున్న ఖాళీలను పక్కన పారేశాను. మంచివాటిని కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కదానికి మందు తూచి పోశాను. అందులో చెడ్డది ఒక్కటీ లేదు.

ఇదేదో పుణ్యకార్యం అనుకోవడం లేదు. అవి ముందుకు పోతే ఆ ముందు ఎవరుంటారు అన్న మాట మనసులోకి రానివ్వకుండా పని చేశాను. పని అయిపోయాక వచ్చింది. ఇప్పుడు అన్నం సహించడం లేదు. బాలమణి పైత్యం అనుకుని జీలకర్ర నీళ్ళు తాగిస్తోంది.

డబ్బా బక్కయ్య ఆకు కట్టల్లో పెట్టి తెస్తాడు. వాళ్ళ మనిషి వచ్చి తీసుకుపోయేదాకా నీ దగ్గరే ఉంటుంది. తడి తగలనివ్వకు. తెరవకు.

అన్న


తంగళ్ళపల్లి,
సెప్టెంబర్.

అన్నకు,

డబ్బా చేరింది. బియ్యం కుండలో దాచాను. దసరా తరువాత వచ్చి తీసుకుంటామని కబురు చేశారు. నిన్ను నమ్మానని రాయాల్సిన పని లేదు. బాపు చేతి కింద ఇద్దరం పెరిగాం.

ఇక్కడ లసుమవ్వ కొడుకు ఎల్లేశం సంగతి నీకు తెలియదు. నా పెళ్ళినాడు పందిట్లో నీ చేతి గడియారం అడిగి పెట్టుకుని తిరిగాడే, వాడే. పోలీసులో చేరాడు. వాడిని ఇప్పుడు వెల్గటూరు ఠాణాకు వేశారు. లసుమవ్వకు గర్వం పట్టలేకుండా ఉంది. "నా కొడుకు గోదారి ఒడ్డుకు డూటీ చేస్తుండు, దినాం గంగ తానమేనట" అని వాడకంతా చెప్పుకుంటోంది.

కబురు తెచ్చిన మనిషి నీళ్ళు తాగుతూ నోరు జారాడు. వాళ్ళు పోయేది వెల్గటూరు ఠాణా మీదికేనట.

లసుమవ్వ పొద్దున కూర గిన్నె తెచ్చిస్తే దాన్ని ఆ బియ్యం కుండ పక్కనే పెట్టాను. ఆమె కూర్చుని ఎల్లేశానికి పిల్లను చూస్తున్న సంగతి చెబుతుంటే నేను కుండ మూత మళ్ళీ మళ్ళీ సరిచేశాను. అటు నా మనిషి, ఇటు ఆమె మనిషి, నడుమ నా బియ్యం కుండ.

అన్నా, చిన్నప్పుడు బాపు నాటు తుపాకిలో మందు తక్కువ పోస్తే గుండ్లు మన కాళ్ళ ముందే రాలిపోయేవి, గుర్తుందా? చప్పుడు మాత్రం వచ్చేది. ఎందుకో ఈ మధ్య ఊరికే గుర్తొస్తోంది.

ఊర్మిల


కోరుట్ల,
సెప్టెంబర్.

చిరంజీవి ఊర్మిలకు ఆశీస్సులు.

బక్కయ్యకు చలిజ్వరం. అందుకని కార్డు రాస్తున్నాను. బాపు ముచ్చట రాశావు, చాలా రోజులకు నవ్వాను. గుర్తులేకేం? బాపు గురి పెట్టిన ఆ పంది మన వైపు ఒకసారి తిరిగి చూసి, సావకాశంగా చెరుకు తోటలోకి పోయింది. బాపు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. "తక్కువైతే నవ్వులపాలు, ఎక్కువైతే కాటిపాలు" అనేవాడు కదా. ఆ రోజు నవ్వులపాలే అయ్యాడు.

మీ లసుమవ్వ కొడుక్కు ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. భీవండిలో బావకు కూడా దసరా సెలవు దొరికితే బాగుండు.

చంద్రమౌళి


తంగళ్ళపల్లి,
నవంబర్.

చంద్రమౌళికి,

అన్నా అని రాయడానికి చెయ్యి రాలేదు.

నా మనిషిని బక్కయ్య టెంపోలో, ఆకు కట్టల కింద పడుకోబెట్టి తెచ్చారు. కుడిచేతికి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు లేవు. ఒక కన్ను పోయింది. రెండోది ఉంటుందో లేదో కట్లు విప్పితే గాని చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆ డాక్టరు కూడా దొడ్డిదారిన వచ్చి పోయినవాడే. లసుమవ్వకు, వాడకు, భీవండిలో సాంచె పట్టాలో చెయ్యి పడిందని చెప్పాను.

వాళ్ళు వెల్గటూరు ఠాణా గోడ దగ్గరికి పోయారు. మొదటి తూటా తుస్సుమందట. పేలలేదేమో అనుకుని మా ఆయన దాన్ని తీసేసి ఇంకోటి ఎక్కించాడు. "రెండోది నా చేతులనే పగిలింది. నీ అన్న పోలీసోళ్ళకు అమ్ముడువోయిండు" అన్నాడు. అదే మాట పలవరిస్తున్నాడు.

మొదట నేను కాదని నీ తరఫున కొట్లాడాను. ఎందుకు కొట్లాడానో విను. ఆ డబ్బా నేను తెరిచాను. నీ కార్డు వచ్చిన మర్నాడు తెరిచాను. బాపు దగ్గర పట్టకారు పట్టడం నీకు ఒక్కడికే రాలేదు. ఒక్కొక్క తూటా గుండు ఊడదీసి, మందు సగానికి పైగా వంచేసి, మళ్ళీ బిగించాను. చప్పుడు కావాలి, మనిషి చావొద్దు, అంతే నేను కోరుకున్నది. ఎల్లేశం లసుమవ్వకు మిగలాలి. మా ఆయన చేతికి నెత్తురు అంటొద్దు. వాళ్ళంతా ఠాణా ముందు నవ్వులపాలై వెనక్కి రావాలి. తక్కువైతే నవ్వులపాలని నువ్వే రాశావు కదా.

కానీ ఇప్పుడు ఆలోచిస్తే, నేను అంత తగ్గించిన తరువాత కూడా తుపాకి పగిలిందంటే, అసలు నువ్వు అందులో ఎంత కూరావు? ఎస్సై చెప్పినట్టే చేశావా? చెల్లె పసుపుకుంకుమల కంటే నీకు ఆ జీపు ఎక్కువైందా?

లింగన్న నిన్ను పిలిపిస్తాడట. ముందుగా రాజం మాట రాతలో కావాలన్నాడు. అది చూసి తీర్పు చెబుతాడట. తీర్పు అంటే ఏమిటో నీకు తెలుసు. నీకు తెలియాలనే ఇది రాశాను. బతిమాలి రాయలేదు.

ఊర్మిల


జగిత్యాల,
నవంబర్.

నా తల్లీ ఊర్మిలా,

బాలమణిని జగిత్యాలలో వాళ్ళ అమ్మగారింట్లో దింపడానికి వచ్చాను. బక్కయ్య నన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. ఇంటి వెనుక చింతపండు బస్తాల మీద కూర్చుని చదివాను.

నువ్వు అడిగావు కనుక చెప్పాలి. నువ్వు బాధపడతావని తెలిసీ చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో నీకు నా మీద అనుమానం ఉండిపోతే నేను భరించలేను.

నాటు తుపాకి గొట్టం వదులుగా ఉంటుంది. గుండ్లు సన్నవి. వెనుక తోపు తక్కువైతే బయటికి దొర్లి రాలిపోతాయి. మనం చూసింది అదే. త్రీనాట్‌త్రీ అట్లాంటిది కాదు. దాని గొట్టం బిగుతు, లోపల మెలికలు తిరిగిన గాళ్ళు, చెక్కిన గీతల్లాంటివి, ఉంటాయి. గుండు ఆ గాళ్ళను ఒరుసుకుంటూ పోవాలి. మందు చాలకపోతే సగం దారిలో ఇరుక్కుని ఆగిపోతుంది. కాల్చినవాడికి తుస్సుమన్నదే తెలుస్తుంది, లోపల దారి మూసుకుపోయిందని తెలియదు. వెనుక రెండోది పేలితే పోవడానికి తోవ లేదు. గొట్టం పగులుతుంది. రెండోదానిలో మందు తక్కువున్నా సరే పగులుతుంది.

బాపు సామెత పందుల తుపాకికి చెప్పింది. దీనికి చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలియదు. నువ్వు ఏ పనీ లేకుండా పాత ముచ్చట తవ్వే మనిషివి కాదు. అది గ్రహించకుండా కార్డు మీద హాస్యమాడాను. పోస్టు కార్డులో తుపాకుల మాట ఎందుకులే అనుకున్నాను. బక్కయ్య జ్వరం తగ్గేదాకా ఆగి ఉంటే బావ కన్ను మిగిలేది. ఇందులో నీ పాలు ఎంతో నా పాలూ అంతే. ఏడవకు.

ఇక జరగాల్సింది విను. ఎస్సైకి పని తన మాట ప్రకారమే జరిగిందనిపించింది. మొన్న కోరుట్లలో జీపు దిగి, నా భుజం తట్టి, "భేష్ మౌళీ" అని పోయాడు. ఆ తట్టడం బజారంతా చూసింది. ఇంక నేను ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. అదీ ఒకందుకు మంచిదే, ఎవరి చూపూ నీ మీదికి రాదు.

లింగన్న కబురు వచ్చింది. వచ్చే మంగళవారం ధర్మపురి రేవుకు రమ్మన్నాడు. పోతాను. కళ్ళు ఆనక మందు తప్పు పోశానని చెబుతాను. ఎస్సై చెబితే చేశానని మాత్రం ఒప్పుకోను. పొరపాటు అంటే చెయ్యి విరగ్గొట్టి వదిలేస్తారేమో. వదలకపోనూవచ్చు.

నువ్వు మాత్రం నోరు విప్పకు. బావకు అసలే చెప్పకు. ఆయన నీతో బతకాలి, నాతో కాదు. కళ్ళకు కట్లు కట్టుకుని, నువ్వు కలిపి పెట్టిన ముద్ద తినాల్సిన మనిషి. ఆ ముద్ద పెట్టే చెయ్యే ఇది చేసిందని తెలిస్తే ఎట్లా మింగుతాడు? నా మీద కోపం ఉంటే ఆయనకు నష్టం లేదు. ఎప్పుడో పండుగకు చూసే బావమరిదినే కదా.

భయం లేదని అబద్ధం రాయను. చాలా భయంగా ఉంది. బాలమణికి ఏమీ చెప్పలేదు. ఏదైనా జరిగితే ఆమెను చూసి పోతుండు.

అన్న


తంగళ్ళపల్లి,
డిసెంబర్.

అన్నా,

నువ్వు రేవుకు పోనక్కర లేదని లింగన్న కబురు పంపాడని బక్కయ్య చెప్పాడు. ఎందుకు అక్కర లేకపోయిందో నేను చెప్పాలి. నీ మాట వినలేదు, అది ముందే ఒప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే వాళ్ళ మనిషి రాతకోసం వచ్చి కూర్చున్నాడు. ఆయనకు రాసే చెయ్యి లేదు, చూపు లేదు. కలం కాగితం నన్నే తెమ్మన్నాడు. వచ్చినతన్ని బయట ఉండమని, నాకు చెప్పడం మొదలుపెట్టాడు. "రాయి. తుపాకి పగిలిందానికి కారణం నా భార్య తోడబుట్టిన అన్న చంద్రమౌళి."

రాశాను అన్నా. నీ పేరు నా చేత్తో రాశాను. రాసినదాని మీద కన్నీళ్ళు పడితే తుడిచాను. ఆ తరువాత కలం కింద పెట్టి, "కాదు, నేను" అన్నాను.

అంతా చెప్పాను. డబ్బా తెరిచిన సంగతి, మందు వంచేసిన సంగతి, నువ్వు రాసిన గొట్టం సంగతి, ఇరుక్కున్న గుండు సంగతి. చివరికి, "ఎవలకోసం?" అన్నాడు. "లసుమవ్వ కొడుకు కోసం. నీకోసం కూడా" అన్నాను. "నాకోసమా!" అని నవ్వాడు. ఆ నవ్వు వినడం కంటే కొడితే బాగుండేది.

గోడవైపు తిరిగి పడుకున్నాడు. బయట ఉన్న మనిషి రెండుసార్లు దగ్గాడు. అప్పుడు లేచి కూర్చుని అన్నాడు. "గా కాయితం చింపు. మల్ల రాయి. తుపాకి ముసల్ది. గొట్టం లోపట తుప్పు తిన్నది. తూటాల తప్పు లేదు. చంద్రమౌళి తప్పు లేదు. ఎవల తప్పు లేదు."

రాశాను. ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి కాగితం మీదికి తేవడానికి నేనే మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది. ముద్ర పడగానే చెయ్యి లాక్కున్నాడు. అంతే, ఆ తరువాత నన్ను తాకనివ్వలేదు.

నువ్వు భయపడ్డదే జరిగింది. నా చేతి అన్నం తినడు. లసుమవ్వ వచ్చి పెడుతోంది. మొగుడు పెళ్ళాల మధ్య ఏదో చిన్న గొడవ అనుకుంటోంది పిచ్చిది. "సాంచె కొట్టిందానికి పెండ్లాం మీద కోపమెందుకు కొడుకా" అని బుజ్జగిస్తూ తినిపిస్తోంది. ఆయన ఆమె చేతి ముద్ద మింగుతుంటే నేను అటువైపు చూడలేక చాట ముందేసుకుని ఆకు కత్తిరిస్తాను.

పది రోజుల కింద ఎల్లేశం సెలవుమీద వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఆయన మంచం పట్టీ మీదే కూర్చుని, "మామా, నేను ఎల్లేశాన్ని" అన్నాడు. ఆయన ఎడమచెయ్యి చాచి, వాడి మోచెయ్యి, భుజం, గడ్డం తడిమి చూశాడు. వాడు పాపం, దెబ్బ తిన్న మనిషి కదా అని కదలకుండా కూర్చున్నాడు.

"డూటీల ఏ తుపాకి ఇచ్చిన్రురా నీకు?" అని అడిగాడు.

"పాతదే మామా. త్రీనాట్‌త్రీ."

"పైలం. ఎప్పుడన్న ఒకటి తుస్సుమంటే, రెండోది కాల్చకు. ముందుగాల గొట్టంల చూసుకో."

ఎల్లేశం చేతిలో బత్తాయి సగం ఒలిచినట్టే ఉండిపోయింది. వాడు ఆ రోజు ఠాణాలో ఉన్నవాడే. గోడ అవతల తుపాకి పగిలిన చప్పుడు విన్నవాడే, తెల్లారి మట్టిలో నెత్తురు చూసినవాడే. ఆయన కళ్ళ కట్లు చూశాడు. లేని వేళ్ళు చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను తల దించుకోలేదు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం. వాడు ఆ బత్తాయి మొత్తం ఒలిచి, తొనలు ఆయన ఎడమ చేతిలో పెట్టి, "మంచిది మామా, పోయొస్త" అని వెళ్ళిపోయాడు.

వాడు పోయాక, "నాకు తెల్వకనే నోట్లకెల్లి అచ్చింది" అన్నాడు ఆయన. కాగితం మీద ముద్ర వేసిన రోజునుంచి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నువ్వు కోరుట్లకు వచ్చి దుకాణం తెరువు. వదినను ఇంకొన్నాళ్ళు జగిత్యాలలోనే ఉంచు. ఇటు మాత్రం ఇప్పుడే రాకు. ఎల్లేశం డ్యూటీకి పోయి వారం దాటింది. వాకిట్లో ఏ బండి చప్పుడైనా ఇద్దరం ఒకేసారి తల ఎత్తుతున్నాం. జీపు ఇంకా రాలేదు.

ఊర్మిల